వంతు బండి

హనుమకొండలో ఇంజనీరింగ్ కాలేజీకి పోయే రోడ్డు పక్కన, హాస్టళ్ల గోడ వెంబడి మా బండ్లు ఉండేవి. మిర్చి బజ్జీ, నూడుల్స్, చికెన్ పకోడి, పానీపూరి, పునుగులు. పెళ్లయి వచ్చాక చాలాకాలం నాకు తెలిసిన వరంగల్ అంటే ఆ గోడే. మాది తొర్రూరు పక్క ఊరు. పత్తి ఏరిన చేతులు శనగపిండికి తొందరగానే అలవాటు పడ్డాయి. మా అత్త నోటికి అలవాటు పడడానికే ఏళ్లు పట్టింది.

మిర్చి బండి అత్తది. నేను పిండి కలిపి, మిర్చి చీల్చి, కడాయి ముందు నిలబడేదాన్ని. ఆమె స్టూలు మీద కూర్చుని పొట్లాలు కడుతూ నన్ను తిట్టేది. గిరాకి ఎంత ఎక్కువగా ఉంటే తిట్లు అంత బాగా వచ్చేవి.

"బజ్జీలు ఏస్తాన్నవా, పిడకలు కొడ్తాన్నవా?" అనేది. కాలేజీ పిల్లలు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వితే ఇంకో రెండు అనేది.

వరుసలో ఆమె మాటే మాట. అందరూ ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాళ్లు. వంతు పద్ధతి పెట్టింది కూడా ఆమేనని చెప్పుకునేవాళ్లు. అడిగితే ఆమె కాదనేది కాదు.

పద్ధతి ఇది. తిండి తనిఖీకి వచ్చే ఆఫీసరు ఉత్త చేతులతో తిరిగిపోడు. ఎవరో ఒకరి మీద కేసు రాయాలి, ఎవరిదో ఒకరి సరుకు పారబోయించి ఫోటో తీయించాలి. అందరం దొరికే బదులు ఒకరం దొరుకుదామని వరుస అనుకుంది. చెకింగ్ ఎప్పుడో ఆఫీసరు జీపు డ్రైవరు ముందే ఫోన్ చేసి చెప్పేవాడు. ఆ రోజు వంతు ఉన్న బండి ఒక్కటే రోడ్డు మీద ఉండేది. మిగతావన్నీ కట్టెల అడితి వెనక సందులోకి తోసేసేవాళ్లం.

తోసే ముందు ఇంకో పని ఉండేది. ఎవరి కడాయిలో నల్లబడ్డ నూనె వాళ్లు తెచ్చి వంతు బండి కడాయిలో పోసేవాళ్లు. పులిసిన చట్నీలు, రంగు పొడి డబ్బాలు కూడా ఆ బండి కిందికే చేరేవి. ఆఫీసరుకు వెతుక్కునే కష్టం ఉండేది కాదు. ఒకవేళ ఆయన సందులోకి వచ్చి చూసినా మా దగ్గర కొత్త నూనె తప్ప ఏమీ కనబడేది కాదు. వంతు బండి మనిషి చేతులు కట్టుకుని "తప్పైంది సార్" అనాలి. కొన్నాళ్లు బండి మూసుకుని మళ్లీ వరుసలోకి రావాలి. పాత సారు ఉన్నప్పుడు అది అంతటితో పోయేది. ఆయన నాలుగు తిట్లు తిట్టి, కేసు రాసుకుని, పోతూ పోతూ ఇంటికి బజ్జీలు కట్టించుకునేవాడు.

ఒకసారి పానీపూరి అతని వంతు వచ్చింది. అతని బండి మీద ఎవరిదో కడాయి పెట్టి నూనె పోశారు. అతను భయపడి, "సార్, ఇది నాది కాదు, పానీపూరికి కడాయి ఎందుకు సార్" అనేశాడు. తెల్లారి అతని బండి మోరీలో బోర్లా పడి ఉంది. చక్రాలు లేవు.

"కాళ్లు సంకల పెట్టుకొని ఈతకు దిగినట్టున్నది," అన్నది మా అత్త. వరుసంతా నవ్వింది. అతను మళ్లీ ఆ రోడ్డు మీద కనబడలేదు.

వరుస చివర పునుగుల అక్క ఉండేది. భర్త డోర్నకల్‌లో రైల్వే పనికని పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఒక కూతురు, దగ్గరలోని సర్కారు బడిలో నాలుగో తరగతి. అక్క బండి మీద నీసు ఉండేది కాదు, గుడ్డు కూడా ముట్టేది కాదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆమె దగ్గరే తినేవాళ్లు. మా కడాయిల్లో ఏమేం వేగుతాయో వాళ్లకు తెలుసు. ఆమె కడాయి వేరు, జల్లిగంటె వేరు, చేతులు తుడుచుకునే గుడ్డ కూడా వేరు. వంతు నాటికని ఒక పాత కడాయి విడిగా ఉంచుకునేది. దాంట్లో కూడా చికెన్ నూనె పోయకూడదని వరుసకు ఆమె ముందే చెప్పి పెట్టింది. అందరూ సరే అన్నారు.

ఆ సర్కారు బడి పెద్దసారుది కూడా శనివారం ఒక్కపొద్దే. సాయంత్రం సంచీ పట్టుకుని వచ్చి అక్క దగ్గర పునుగులు కట్టించుకుపోయేవాడు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ముసలామె మోకాళ్లు పట్టేసి మానుకుంది. పెద్దసారు అక్కను అడిగాడు. సోమవారం రమ్మన్నాడు. పిల్లల తల్లులు ఒప్పుకోవాలి, నీ చెయ్యి శుభ్రమని నేను చెప్తాను అన్నాడు.

ఆ మాట ఆమె నాకే మొదట చెప్పింది. పిండి చేతులతోనే నా భుజం పట్టుకుంది.

"చెల్లే, ఇగ రోడ్డు మీద నిలబడుడు లేదు. తాగొచ్చినోడు పునుగు పట్టుకొని నా మొకం దిక్కు జూసి నవ్వుడు లేదు. నా బిడ్డె నా కండ్ల ముంగటనే కూసొని తింటది."

ఇదంతా జరుగుతుండగానే డ్రైవరు ఫోన్ వచ్చింది. శనివారం చెకింగ్. వంతు పునుగుల అక్కదే.

శుక్రవారం ఆమె మా బండి దగ్గరికి వచ్చింది. అత్త ఉల్లిగడ్డలు కోస్తోంది.

"పెద్దమ్మా, ఈ ఒక్కసారి నా వంతు ఎనుకకు జరుపుండ్రి. సోమవారం బడిల పని ఖాయమైతది. ఇప్పుడు తిండి మీద కేసయితే సారు నన్ను గేటు లోపటికి రానియ్యడు."

"బడి పని దొరికితే బండి ఇడిసిపెడ్తవ్ గదా?" అన్నది అత్త, తల ఎత్తకుండా.

"అవ్ పెద్దమ్మా."

"పోయేటామెకు కేసయితే ఏంది, గీసయితే ఏంది?"

"కేసయితే పోవుడే ఉండది గదా."

"గట్లయితే మా తోని ఈడనే ఉంటవ్. ఏం, మేం మంచిగ లేమా?"

పక్క బండ్ల వాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వబోయి ఆగిపోయింది. "ఈసారికి మన బండి పెడదాం అత్తమ్మా," అన్నాను నేను. అత్త ఉల్లిగడ్డ కోసే కత్తి వెనక్కి తిప్పి, పిడితో నా మణికట్టు మీద కొట్టింది.

"నీ అయ్య కొనిచ్చిండా బండి?"

తర్వాత అక్కతో మెత్తగా మాట్లాడింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. పాత సారే గదా వచ్చేది. తిడ్తడు, తింటడు, పోతడు. బడి సారుకు ఎవలు చెప్తరు?"

ఆ మాటతో అక్క కొంత కుదుటపడింది. వెళ్లేటప్పుడు అత్త ముందున్న ఉల్లిపొట్టు తనే ఎత్తి పారబోసింది.

శనివారం వచ్చింది పాత సారు కాదు. అది డ్రైవరు కూడా ముందు చెప్పలేదు. జీపు బదులు వ్యాను బయల్దేరిందని, చౌరస్తా దాటిందని చివరి నిమిషంలో ఫోన్ వచ్చింది. వరుస ఒక్కసారిగా కదిలింది. ఎవరి కడాయి వాళ్లు గుడ్డలతో పట్టుకుని అక్క బండి దగ్గరికి పరుగెత్తారు. నా మరిదిది చికెన్ పకోడి బండి. శనివారం అతను చికెన్ అమ్మడు, గోబీ వేస్తాడు. శుక్రవారం నూనె మాత్రం డబ్బాలో దాచుకుంటాడు. ఆ డబ్బా తెచ్చి అక్క కడాయిలో వంచాడు.

"అది గాదు, అది వద్దు, అన్నా అది వద్దు," అని అక్క అతని చెయ్యి పట్టుకుంది. అతను డబ్బా పూర్తిగా బోర్లించి అడుగు కూడా తట్టాడు. అప్పటికే వ్యాను మూల తిరిగింది.

వంతు నాడు వరుస తరఫున ఒకరు గిరాకిలాగా నిలబడి చూడాలి. వంతు మనిషి నోరు జారకుండా చూసుకోవాలి. ఆ రోజు అత్త నిలబడింది. కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో కూరగాయల సంచీ పట్టుకుంది. నన్నూ పక్కన నిలబెట్టుకుంది.

వ్యానులోంచి దిగిన ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఆడమనిషి. నా ఈడుదే ఉంటుంది. మూతికి మాస్కు, చేతులకు తొడుగులు. వెంట వీడియో తీసే అతను ఉన్నాడు. వ్యానును చూసి హాస్టలు పిల్లలు దిగివచ్చారు. శనివారం తినేవాళ్లు అప్పుడే ఒక్కరొక్కరే వస్తున్నారు. పెద్దసారు కూడా సంచీతో వచ్చి వెనక నిలబడ్డాడు.

మేడమ్ స్టవ్ వెలిగించమంది. నూనె కాగాక పొడుగాటి పుల్లలాంటి మిషన్ ముంచింది. దాని మీద ఎర్ర లైటు వెలిగింది.

"ఇది నూనెనా, లారీ లోంచి తీసిందా?"

జనం నవ్వారు.

"తప్పైంది మేడమ్," అన్నది అక్క, చేతులు కట్టుకుని.

"తప్పని నాకు తెలుసు. ఎన్ని రోజుల నూనె అని అడుగుతున్న."

"తప్పైంది మేడమ్."

మేడమ్ జల్లిగంటె తీసుకుని కడాయి అడుగు నుంచి దేవింది. నల్లటి పొట్టుతో పాటు చిన్న ఎముక పైకి వచ్చింది. దాన్ని కెమెరాకు దగ్గరగా పెట్టింది.

"నీ బండి మీద పచ్చ చుక్క ఉంది. మరి ఈ కోడి బొక్క ఎక్కడిది?"

నవ్వులు ఆగిపోయాయి. శనివారం వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేడమ్ అటూ ఇటూ చూసింది. గోడ వెంబడి ఖాళీ జాగా, నేల మీద నూనె మరకలు, వరుసగా ఉన్న రాళ్లు, అన్నీ చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఇక్కడ ఇంకా బండ్లు ఉంటాయి కదా? ఈ నూనె నీదేనా? వేరేవాళ్లది అయితే ఇప్పుడే చెప్పు, వాళ్ల మీద రాస్త."

అక్క తల ఎత్తింది. సందు వైపు చూసింది. తర్వాత పెద్దసారు వైపు చూసింది. ఆమె పెదవులు కదలడం నేను చూశాను.

"ఆమెదే మేడమ్!" అన్నది మా అత్త. "ఆమెనే చికెన్ గూడ ఏస్తది. చీకటి పడ్డంక ఏస్తది. నేను ఈ గల్లీలనే ఉంట, రోజు జూస్త. చెప్దామంటే మన మీదికి వస్తదని ఊకున్న."

చికెన్ డబ్బా ఆమె సొంత కొడుకుది. వంతు మనిషి మీద ఇట్లా పక్కనుంచి చెప్పడం అంతకుముందు ఎప్పుడూ లేదు. అది పద్ధతిలో లేదు.

పెద్దసారు జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు. "నిజమేనా అమ్మా?" అని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. కాదంటే నమ్మేటట్టే అడిగాడు.

అక్క మా అత్త మొహంలోకి చూసింది. అత్త సంచీ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, మోరీ వైపు తిరిగి తీరిగ్గా ఉమ్మింది.

"అవ్ సార్," అన్నది అక్క. "ఆశకు ఏసిన."

ఆ తర్వాత జరిగింది చూడడానికి జనం చాలామంది వచ్చారు. ఏళ్ల తరబడి శనివారాలు అక్క దగ్గర తిన్న ఒక పెద్దావిడ గోడ పక్కకు పోయి గొంతులో వేలు పెట్టుకుంది. ఆ రోజు ఆమె ఇంకా ఏమీ తినలేదు. ఎవరో బండి మీది పిండి గిన్నె ఎత్తి అక్క నెత్తి మీద బోర్లించారు. పిండి మెల్లగా కళ్ల మీదికి, చెవుల్లోకి దిగింది. "అక్కా, ఇటు జర, ఇటు జూడు," అని కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టారు. పిలిచిన వైపుకల్లా అక్క తిరిగింది. కళ్లు మూసుకుపోయి ఎవరు పిలుస్తున్నారో ఆమెకు తెలియలేదు.

మేడమ్ "కొట్టొద్దు, దూరం జరగండి" అన్నది. వీడియో తీసే అతన్ని మాత్రం ఆపమనలేదు. నూనెను గుంటలో పోయించి పైన ఫినాయిల్ కొట్టించింది. బండిని మున్సిపాలిటీ ట్రాక్టరు ఎక్కించుకుపోయింది. పెద్దసారు ఎప్పుడు వెళ్లిపోయాడో నేను చూడలేదు.

"మంచిగ నిలబడ్డది పిల్ల," అన్నది అత్త సందులోకి వచ్చి. "గట్టి మనిషి."

ఆ సాయంత్రం మా గిరాకి రోజుటికంటే ఎక్కువ. శనివారం వాళ్లు మా బండి దగ్గరికి వచ్చి, "నీ దగ్గర నీసు లేదు గదా?" అని అడిగి మరీ తిన్నారు.

"రామ రామ," అని చెంపలు వేసుకుంది అత్త.

వీడియో అప్పటికే అందరి ఫోన్లలోకి వచ్చేసింది. దాని కింద ఏం రాశారో నాకు చదవరాదు. ఆటో నడిపే నా భర్త చదివి వినిపించాడు, నవ్వు వచ్చినచోట రెండోసారి చదివాడు. తర్వాత చాలా రోజులకు, బడిలో పిల్లలు తిని పోయాక, ఒకటో తరగతి టీచరమ్మ దగ్గర నేను అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం వచ్చాక ఆ వీడియో వెతికి చూశాను. ఇంకా ఉంది. నా భర్త చదవకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. ఇంత చెత్తగా ఆలోచించడం వచ్చినవాళ్లకు అక్షరాలు మాత్రం గుండ్రంగా, తప్పులు లేకుండా వచ్చు.

ఆదివారం అక్క గదికి పోయాను. ఆమె వేడినీళ్లతో తల కడుక్కుంటోంది. శనగపిండి ఎండి వెంట్రుకలకు పట్టేసింది. కూతురు వెనక నిలబడి దువ్వెనతో పెళ్లలు తీస్తోంది.

"సోమవారం పొద్దుగాల్నే పోత చెల్లే," అన్నది అక్క, తల వంచుకునే. "ఆడ వరుసోళ్లు ఎవ్వలుండరు. సారుకు అంతా చెప్త. సారు మంచోడు, ఇంటడు."

ఆమెకు ఆ పని మీద ఆశ ఇంకా పోలేదు. నాకు కూడా ఆమె చెప్తే సారు వింటాడనే అనిపించింది.

ఇంటికి రాగానే అత్త అడిగింది. "ఏమంటాంది? బడికి పోతదా?"

ఆమె నా మొహం చూసి, "పోతదన్నట్టు," అని తనే అనుకుని లోపలికి పోయింది.

సోమవారం తెల్లారకముందే నన్ను లేపింది. కొత్త చీర కట్టుకోమంది. ఎక్కడికని అడిగితే, "నడువ్," అన్నది. బడి గేటు తాళం తీసేసరికి మేము అక్కడ ఉన్నాం. పెద్దసారు సైకిలు మోటారు దిగుతుండగానే అత్త చేతులు జోడించింది.

"నా పెద్ద కోడలు సార్. నోట్ల నాలిక లేదు, చేతుల వంకర లేదు. మా ఇంట్ల నీసు ముట్టం. ఆ రోజు ఆ పాడు పనిని బయట పెట్టింది నేనే సార్, మీరు సూసిండ్రు గదా."

పెద్దసారు నన్ను పరకాయించి చూశాడు. మధ్యాహ్నానికి పిల్లలకు అన్నం పెట్టాలి, వండే మనిషి లేదు. "ఈ పూటకు వండు. తల్లులు తిని చూస్తరు," అన్నాడు. అత్త నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. అది మెప్పో హెచ్చరికో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను అక్కడ వదిలి, బండికి మిర్చి తేవాలని వెళ్లిపోయింది.

అన్నం దించి పప్పు ఉడికిస్తుండగా పెద్దసారు వంటగది తలుపు దగ్గరికి వచ్చాడు. వరండాలో పిల్లల తల్లులు కూర్చుని ఉన్నారు. ఒకామె ఫోన్లో అదే వీడియో, అదే గొంతు, ఇటు జూడు అక్కా, అని వినబడుతోంది.

"గేటు కాడ ఆమె వచ్చి నిలబడ్డది," అన్నాడు పెద్దసారు. "లోపలికి రానిస్తే వీళ్లు ఊకోరు. నువ్వే చెప్పి పంపు."

గరిటె చేతిలోనే పట్టుకుని పోయాను. అక్క తలకు నూనె రాసి గట్టిగా జడ వేసుకుంది. నన్ను, నా చేతిలో గరిటెను చూసింది.

"సారుకు ఒక్క మాట చెప్పాలె చెల్లే."

"సారు పొమ్మంటాండు అక్కా."

"మీ అత్త తోల్కొచ్చిందా?"

"అవ్."

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వు వచ్చినట్టు నవ్వింది. "ముసల్ది చుక్క నూనె గూడ దండుగ పోనియ్యది."

నేను అక్కడే నిలబడ్డాను. ఆమె గేటు చువ్వల్లోంచి నాలుగో తరగతి గది వైపు చూసింది. గది తలుపు మూసి ఉంది.

"ఏం కూర?"

"పప్పు టమాట."

"కారం జర సూసి వెయ్యి. నా బిడ్డెకు పడది."

ఆ మాట చెప్పి వెళ్లిపోయింది. బండ్ల వరుస ఉన్న వైపు పోలేదు, రైలు స్టేషన్ వైపు పోయింది. నేను లోపలికి వచ్చి పప్పు కలిపాను. కారం అప్పటికే వేసేశాను, బండి దగ్గర చట్నీకి వేసిన చేత్తోనే.

మధ్యాహ్నం పిల్లలు పళ్లేలు పట్టుకుని బారు కట్టారు. అక్క కూతురు బారు చివర ఉంది. ముందు పిల్ల ఆమెకు తగలకుండా జానెడు జరిగి నిలబడింది. "చికెన్ పునుగు," అని ఎవరో పక్క నుంచి అన్నారు. ఆ పిల్ల తిరిగి చూడలేదు. అన్నం పెట్టించుకుని, తులసికోట పక్కన ఒక్కతే కూర్చుని తిన్నది. కళ్ల నీళ్లు, ముక్కు నీళ్లు ఒక్కటయ్యాయి. మోచేత్తో తుడుచుకుంటూ పళ్లెం ఊడ్చింది.

తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి ఖాళీ పళ్లెం ముందుకు చాపింది.

"ఇంకింత పెట్టు," అన్నది.

పెట్టాను.